నేను పెట్టిన పేరు

సిద్దమ్మత్త మళ్లీ తన వేలు చూసుకుంటోంది. కుడి చేతి చూపుడు వేలు. కొంగుతో తుడుస్తుంది, ఒళ్లో పెట్టుకుంటుంది, కాసేపయ్యాక మళ్లీ ఎత్తి చూస్తుంది. కర్నూల్లో ఆసుపత్రి, కాలిన గాయాల వార్డు, దాని బయట వరండా, వరండాలో ఒక సిమెంటు బెంచీ, బెంచీ మీద మేమిద్దరం. పది కావస్తోంది. పదకొండుకు గాని వార్డు తలుపు తియ్యరు. అంటే నాకు గంట టైముంది. మంగళవారం నుంచి రోజూ నాకీ గంట దొరుకుతూనే ఉంది. పక్కన మనుషులున్నారనో, ఆమె ఏడుస్తోందనో, ఇప్పుడిప్పుడే ఏడుపు ఆపిందనో, రోజూ దాన్ని పాడుచేస్తూనే ఉన్నాను. ఈరోజు శుక్రవారం. ఈరోజు చెప్పాలి. లోపల సుంకప్ప మామ కుడి చేతికి మోచేయి దాకా కట్టుతో పడుకుని ఉన్నాడు, సోమవారం ఆయన పొలంలో మోటరు ఆన్ చేసింది నీ వేలు కాదత్తా, నేను, అని చెప్పాలి. చెప్పడానికి నాలుగు మాటలు. నాలుగు రోజులుగా నోటి దాకా వస్తాయి, ఆమె నా వైపు తిరిగి నాయనా అనగానే అవి ఎక్కడ పోతాయో తెలియదు.

ఆ వేలు ఏ పాపమూ ఎరగదు. ఉల్లినారు నాటిన వేలు, కలుపు తీసిన వేలు, సోమవారం పొద్దున ఫోను ఎత్తిన వేలు, అంతే. మా ఊరు కోడుమూరు అవతల, బస్సు దిగి రెండు మైళ్లు నడవాలి. మామకు నాలుగెకరాలు, ఒక బోరు. బోరు దగ్గర కేబులు జాయింటు దగ్గర టేపు ఊడిపోయింది, మోటరు పట్టి పట్టి తిరుగుతోంది. దాన్ని కట్టుకుందామని కూర్చున్నాడు. కూర్చునే ముందు ఫోనులో, మోటరును ఎక్కడి నుంచయినా ఆన్, ఆఫ్ చేసే మా కంపెనీ యాప్ చూశాడు. మోటరు బొమ్మ ఎర్రగా ఉంది, అంటే ఆఫ్. గట్టు మీద కూర్చున్న అత్త చేతికి ఫోను ఇచ్చి, "దీన్ని ముట్టుకోగాకు, ఎవురినీ ముట్టుకోనియ్యగాకు" అన్నాడట. పదకొండూ ఏడుకు కడపలో ఇచ్చిన కూతురు ఫోను చేసింది. ఆమె పచ్చ గుర్తు లాగి చెవిన పెట్టుకుంది. అదే క్షణంలో బోరు లోపల మోటరు ఉలిక్కిపడి తిరిగింది, మామ వెనక్కి విరుచుకు పడిపోయాడు. ఇంక ఆమెను ఎవరు ఒప్పించగలరు? నేను లాగింది పచ్చదే, కాని వేలు జారి మోటరు బొమ్మకు తగిలింది అంటుంది. వచ్చిన ప్రతి మనిషికీ అదే చెప్తుంది, వద్దన్నా చెప్తుంది. ఊళ్లో ఆడవాళ్లు వచ్చి వాటేసుకుని ఏడుస్తారు, బయటికి పోయి, ఎందుకియ్యల్ల ఫోను ఆడమనిషి చేతికి, అంటారు. నేను విన్నాను. విని నేల చూశాను.

అసలు మామ మోటరుకు కరెంటు పోకుండా ముందు ఫీజులు పీకాలి. మా తాతల నాటి నుంచి, కరెంటు వచ్చిన నాటి నుంచి మా సీమలో ఏ రైతయినా మోటరు మీద చెయ్యి వేసే ముందు చేసే పని అది. స్టార్టరు డబ్బా తలుపు తీసి మూడు ఫీజులూ పీకి, ఇంకెవడూ వచ్చి పెట్టకుండా జేబులో వేసుకుంటారు. కొందరు మొలతాడుకు కట్టుకుంటారు. డబ్బా ఉండేది పొలానికి ఆ కొసన, బోరు ఈ కొసన. రెండు వందల అడుగులు నడవాలి, మళ్లీ రావాలి. మామ సోమవారం నడవలేదు. నడవొద్దని చెప్పింది నేను. మూడేళ్ల కిందట, ఫోను మాట విని మోటరు తిప్పే మా కంపెనీ డబ్బాల్లో మొట్టమొదటిది మామ పొలంలోనే పెట్టించాను, మా ఊరివాడే కదా, మనం చేసిన వస్తువు మనవాళ్లు చూడాలి కదా అని. ఊరంతా వచ్చి చుట్టూ నిలబడింది. మా నాయన గాబ్రియేలు కూడా వచ్చాడు, ఇరవయ్యేళ్లు ఆ పొలంలోనే కూలికి పోయిన మనిషి, కొడుకు చేతిలో ఫోనుతో మోటరు ఆన్ చేస్తుంటే నోరు తెరుచుకుని చూశాడు. అందరి ముందరా నేను, "ఇంక ఫీజులు పీకే పనే లేదు మామా, ఫోన్లో ఎర్రగుంటే కరెంటు రాదంటే రాదు" అన్నాను. చప్పట్లు కొట్టారు కూడా. నోటి దురద అంటారే, అది నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

ఎర్రగుంటే రాదన్న మాట నిజమే. యాప్ ఆఫ్ అని చూపినప్పుడు మోటరు ఆఫ్‌లోనే ఉంది. ఆన్ చేసింది కర్నూల్లో మా ఆఫీసు. మిద్దె మీద రెండు గదులు, ఒక గదిలో బల్ల, బల్ల మీద పలక, పలక మీద ఆరు బల్బులు. పరీక్షలు చేసేటప్పుడు ఆ బల్బులే మాకు మోటర్లు. యాప్‌లో ఏదైనా మార్చినప్పుడల్లా కొత్తగా తయారు చెయ్యాలి, దానికి ఒక స్క్రిప్టు ఉంటుంది, ముందు ఈ పని, తర్వాత ఈ పని అని వరసగా రాసి పెట్టుకున్నది. ఒక్కో పనికి ఒక్కో పేరు పెట్టుకుంటాం. పేరు పిలిస్తే పని జరుగుతుంది. పరీక్ష చేసే ముందు యాప్‌ను పొలాల వైపు నుంచి తిప్పి మా బల్ల మీది బల్బుల వైపు పెట్టే పని ఒకటుంది. దానికి నేను ‘ప్రిపేర్’ అని పేరు పెట్టాను. ముద్దుగా, పొట్టిగా. మూడేళ్లు చక్కగా పనిచేసింది. పోయిన వారం ఆ స్క్రిప్టు నడపడానికి మేము వాడే సాఫ్ట్‌వేర్ పనిముట్టుకు కొత్త వెర్షన్ వచ్చింది, ఎక్కడో ఏ దేశంలోనో కూర్చున్నవాళ్లు అందులో వాళ్ల పని ఒకదానికి అదే పేరు పెట్టుకున్నారు. తప్పు వాళ్లది కాదు, ఆ పేరు నా అబ్బ సొత్తా? సోమవారం నా స్క్రిప్టు ప్రిపేర్ అని పిలిచింది, వాళ్లది పలికింది, దాని పనేదో అది చేసుకుంది, నాది పడుకునే ఉంది. యాప్ బల్బుల వైపు తిరగలేదు. పొలాల వైపే చూస్తూ, జాబితాలో మొదటి మోటరును ఆన్ చేసి, పది సెకన్లు ఆగి, ఆఫ్ చేసింది. జాబితాలో మొదటిది మామది. మొదటి డబ్బా కదా.

హెచ్చరిక రాకపోలేదు. ఒక పేరు రెండు చోట్ల ఉందని ఒక పసుపుపచ్చ వరస వచ్చింది. రోజూ అలాంటివి నలభై వస్తాయి, నేను చదవను. అప్పుడు నేను టీ తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టి చూస్తే తెర మీద పచ్చటి టిక్కులు, అన్నీ పాస్. మోటరు ఆన్ అయిందా, అయింది, ఆఫ్ అయిందా, అయింది. పరీక్ష నెగ్గింది. బల్ల మీద బల్బు వెలగలేదే అని తల తిప్పి చూసి ఉంటే... చూసినా ఏం లాభం, పది సెకన్లు అప్పటికే అయిపోయాయి. ఆ పది కూడా మొదట అరవై. అరవై సెకన్లు ఎవడు కాచుకుంటాడని ఓపిక లేక నేనే పది చేశాను. నా ఓపిక లేకపోవడం ఆ మనిషి ప్రాణం కాపాడింది. దేవుడా, దీనికి నీకు స్తోత్రం చెప్పాలా, సిగ్గుతో చావాలా?

పేర్ల సంగతి నాకు తెలియక కాదు. పేర్ల గొడవలో పుట్టి పెరిగినవాణ్ణి. మా ఊళ్లో సుంకులమ్మ తల్లి పేరుతో ఏడుగురు సుంకప్పలు. మిట్ట సుంకప్ప, గేటుకాడ సుంకప్ప, రాళ్ల సుంకప్ప, పేరు ముందు ఏదో ఒకటి తగిలించందే ఎవరూ పిలవరు. మా మామ బోరు సుంకప్ప, మొదట బోరు వేయించినవాడు గనుక. మా పేటలో చర్చి నూరేళ్లు పైబడ్డది, అక్కడ ఏసన్నలు తక్కువేం కాదు. నా పదేళ్లప్పుడు ఒక ఆదివారం కొత్తగా వచ్చిన పాస్టరుగారు మైకులో, మన సహోదరుడు ఏసన్న ప్రభువునందు నిద్రించినాడు, అని ప్రకటించాడు. నిద్రించింది, అంటే చనిపోయింది, పెద్ద ఏసన్న, తొంభై ఏళ్ల ముసలాయన. ఆడవాళ్ల వైపు కూర్చున్న వడ్రంగి ఏసన్న పెళ్లాం గుండెలు బాదుకుంటూ కింద పడింది. వడ్రంగి ఏసన్న మగవాళ్ల వైపు నుంచి లేచి, "నేనీడే ఉండానే, ఓసి నేనీడే ఉండా" అని అరుస్తాడు, ఆమెకు వినపడదు. మేం పిల్లలం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత పాస్టరుగారు ఇంటిపేరు లేకుండా ఎవరి పేరూ మైకులో చదవలేదు. బుద్ధిమంతుడు, ఒక్కసారికే నేర్చుకున్నాడు.

సుప్రజక్క నాకు ఒక్కసారి కాదు, మూడుసార్లు చెప్పింది. ఆమె మా కంపెనీకే కడపలో ఇంటి నుంచి పని చేస్తుంది, నేను రాసిందంతా ఆమె చూసి సరే అనాలి. "ప్రసాదూ, ప్రతి పేరుకూ ముందు మన కంపెనీ గుర్తు తగిలియ్యబ్బా. పనిముట్టు చేసేటోళ్లు రేపు ఏం పేరు పెట్టుకుంటారో మనకెట్ల తెలుస్తాది?" నేను సరే సరే అన్నాను. పొడుగు పేర్లు నాకు నచ్చవు. చూడ్డానికి ఎద్దుకు గంటలు కట్టినట్టుంటాయని జోకు కూడా వేశాను. ఆమె నవ్వింది, పని ఒత్తిడిలో వదిలేసింది. సోమవారం సాయంత్రం మా నాయన ఫోను, నేను ఆసుపత్రికి పరుగు, ఆ తర్వాత ఈ బెంచీ మీదే కూర్చుని ఫోనులో మోటర్ల రికార్డు తెరిచి చూస్తే, పదకొండూ ఏడు, సుంకప్ప, ఆన్. ఆదేశం ఎక్కడి నుంచి వచ్చిందన్న చోట మామ ఫోను నంబరు లేదు, మా పరీక్షల కంప్యూటరు పేరుంది. సుప్రజక్కకు ఫోను చేస్తే అరగంటలో కారణం పట్టుకుంది. పేరుకు ముందు గుర్తు తగిలించి సరిచేశాం. ఎంతసేపు పట్టిందనుకున్నారు? నాలుగు నిమిషాలు. మూడేళ్లుగా నాకు లేని నాలుగు నిమిషాలు.

మా ఓనరు నారాయణ సారు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. అంతా విని, "ఆయమ్మే నొక్కినానంటాండాది గదప్పా. మనల్ని ఎవరన్నా అడిగినారా? నాలుగు నూర్ల డబ్బాలుండాయి పొలాల్లో. ఈ మాట బయటికి పోతే రేపు పొద్దునకు అన్నీ పీకి మన గడప ముందర పోస్తారు. నువ్వు ఆసుపత్రికాడుండు, మంచీ చెడ్డా చూసుకో, నోరు మాత్రం తెరవగాకు" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఎనిమిది మంది బతుకుతున్నాం ఆయన మీద. కాని ఆయన మాట వినగానే నాకు ముందు కలిగింది కోపం కాదు. హమ్మయ్య అనిపించింది. అది చెప్పుకోకపోతే ఈ గంటలో నేను ఆలోచించిందంతా అబద్ధం. నోరు మూసుకోమని ఒకరు చెప్పారు కదా, ఇంక భారం ఆయనది కదా, అనిపించింది. సోమవారం రాత్రి అన్నం కూడా తిన్నాను.

మా నాయన రోజూ ఫోను చేస్తాడు. "సిద్దమ్మను ఇడిసిపెట్టి రాబాకు నాయనా, పాపం, తనే చేసినానని కుమిలిపోతాండాది. మన ఇంటోళ్ల మాదిరి చూసుకో" అంటాడు. ఆదివారం చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేయిస్తాడట, పరాయి మనిషి కోసం ఇంత చేస్తున్నానని. నాయనా, వద్దు. నా పేరు ఆ మైకులో చదివించొద్దు. మంగళవారం ఈమె నా భుజం మీద తల పెట్టి ఏడ్చినప్పుడు నేనూ ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. ఎదురు బెంచీ మీద రోజూ కూర్చునే ఒకామె అది చూసి, ఎంత మంచి పిల్లోడమ్మా, అంది. ఆ మంచితనం నాకు అలవాటు కావడం మొదలైంది, అదీ నా భయం. బుధవారం ఇడ్లీలు తెచ్చాను, నిన్న దుప్పటి తెచ్చాను. ఇంకో నాలుగు రోజులు పోతే నేను మంచివాణ్ణేనని నేనే నమ్ముతాను.

ఫోను మోగింది. సుప్రజక్క మెసేజీ. "చెప్పినావా?" ఇంకా లేదు అని పెట్టాను. "పదకొండు లోపల చెప్పకుంటే నేనే బస్సెక్కి వస్తా." ఆ మాట ఉత్తుత్తిది కాదు, ఆమె వస్తుంది. కడప నుంచి కర్నూలు దాకా ఆ బస్సులో ఆమె నన్ను ఏమనుకుంటూ వస్తుందో నాకు తెలుసు. టైము పదీ నలభై. సిద్దమ్మత్త వేలు తుడుచుకుంటోంది. తోలు ఎర్రబడింది, ఇంకా తుడిస్తే ఊడేట్టుంది. పట్టుకుని ఆపాను.

"అత్తా, మోటరు ఆన్ చేసింది నువ్వు కాదు. నేను."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను చెప్పేశాను, ఆకాశం ఊడిపడలేదు. ఆమె ఇంకో చెయ్యి తెచ్చి నా చేతి మీద పెట్టింది.

"వద్దు నాయనా," అంది. "నువ్వు మంచోనివి. గాబ్రియేలు గుణం యాడికి పోతాది? నా పాపం నువ్వెందుకు నెత్తికెత్తుకుంటావు?"

నేను అనుకున్నవి చాలా ఉన్నాయి. తిడుతుందనుకున్నాను, చెప్పు తీసి కొడుతుందనుకున్నాను, కుప్పకూలుతుందనుకున్నాను. ఇది అనుకోలేదు. ఎదురు బెంచీ ఆమె వైపు తిరిగి, "చూడమ్మా, నా ఏడుపు చూడలేక తప్పు తనదంటాండాడు" అని కళ్లు తుడుచుకుంది. ఎదురు బెంచీ ఆమె రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది. నాలుగు రోజులు కష్టపడి మంచివాడిగా కనిపించాను కదా, ఇప్పుడు నిజం చెప్తే నమ్మేవాళ్లు లేరు. ఇక్కడ ఆగిపోవచ్చు. చెప్పాను, ఆమే నమ్మలేదు, అని సుప్రజక్కకు రాయొచ్చు, అబద్ధం కాదు కూడా. ఒక్క క్షణం ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందో!

"అత్తా, ఇటు చూడు. మామ పడినాక మోటరు ఎంతసేపు తిరిగింది?"

"ఏమో నాయనా. యాడ చూసినా?"

"చూడలేదు సరే, విన్నావు గదా. ముప్పై ఏండ్లుగా వింటాండావు ఆ శబ్దాన్ని. ఎంతసేపు తిరిగింది?"

ఆమె కళ్లు వరండా దాటి ఎక్కడికో పోయాయి. పొలానికే పోయి ఉంటాయి. "పక్క చేనోడు ఓబుళేశు పరిగెత్తె డబ్బాకాడికి," అంది మెల్లగా. "ఫీజు పీకనీకె. పీకినాడు. ఆయప్ప పీకబట్టే ఈయన బతికె..." ఆగింది. "ఓబుళేశు సగం దావలో ఉండంగనే నిలిచిపాయె మోటరు. నేను బోరుకాడికి పోతాంటి, శబ్దం లేదు."

"ఎవరు ఆపినారు మరి? నువ్వు ఆపినావా?"

"నేను ఫోను యాడ పారేసినానో నాకే తెలీదు."

"పది సెకన్లు. ఆన్ చేసి పది సెకన్లకు ఆపమని నేను రాసి పెట్టినా అత్తా. ఆఫీసులో బల్బు ఎలగాల్సింది. నేను పెట్టిన పేరు, పనిముట్టు చేసినోళ్లు పెట్టిన పేరు ఒకటే అయిపోయి, అది తప్పు దావ పట్టి మామ మోటరుకు పోయింది. సుప్రజక్క ముందే చెప్పింది, నేను వినలే. నీ వేలు కూతురు ఫోనే ఎత్తింది. ఇంకేం చెయ్యలే."

పేర్ల సంగతి ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. పది సెకన్లు మాత్రం అర్థమయ్యాయి. నా చేతి మీది చెయ్యి తీసేసింది. విసురుగా కాదు, అక్కడ పెట్టి మరచిపోయిన వస్తువును తీసుకున్నట్టు. ఎదురు బెంచీ ఆమె తల తిప్పుకుంది.

"నీకెప్పుడు తెలిసె?"

"సోమవారం సాయంత్రం."

ఆమె వేళ్లు మడిచి లెక్క పెట్టింది. సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం. చూపుడు వేలు దగ్గరికి వచ్చేసరికి ఆగి, దాన్ని పిడికిట్లో పెట్టుకుంది. ఏడవలేదు. అప్పుడు చెప్పింది, నా వైపు చూడకుండా, గోడకు చెప్పినట్టు.

"ఆంబులెన్సులో మీ మామ ఒకే మాటన్న్యాడు. నీకిచ్చిందే తప్పు అన్న్యాడు. అంతే. ఆ పొద్దు నుంచి నాతో మాట్లాడల్యా. నేను గలాసు నోటికాడ పెడితే మొగం తిప్పుకుంటాడు. నర్సమ్మ పోస్తే తాగుతాడు. దినామూ లోపలికి పోయి గంటసేపు నిలబడుకోని వస్తాండా. నువ్వీడ కూచోని చూస్తాంటివి."

నాకు తెలియదత్తా, అనబోయాను. నిజమే, తెలియదు. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా నేను లోపలికి పోలేదు, ఆయన కళ్లలో పడడం ఇష్టంలేక. ఆమె బయటికి వచ్చినప్పుడల్లా ఎట్లుండాడని అడిగాను, బాగుండాడు అంది, సరే అనుకున్నాను. ఆమె అబద్ధం చెప్పిందని కూడా అనలేను. నేను అడిగింది చెయ్యి సంగతి, ఆమె చెప్పింది చెయ్యి సంగతి. క్షమించమని అడగాలి. ఆ మాట నోట్లో ఎంత చిన్నదిగా ఉందంటే బయటికి తియ్యడానికి సిగ్గేసింది.

గడియ తీసిన చప్పుడైంది. వరండాలో ఉన్నవాళ్లంతా సంచులూ క్యారియర్లూ అందుకుంటున్నారు. సిద్దమ్మత్త లేచింది. కొంగు సర్దుకుంది, నీళ్ల సీసా తీసుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"లెయ్."

"అత్తా, ముందు నువ్వు పోయి..."

"నేనేం చెప్పను. నేను చెప్తే తప్పించుకోనీకె చెప్తాండాదనుకుంటాడు. నువ్వు చెప్పల్ల. నాకు చెప్పిన మాదిరి కాదు, మెల్లగా కాదు. పక్క మంచాలోళ్లకు కూడా ఇనపడల్ల."

లేచాను. జేబులో ఫోను అదురుతోంది, సుప్రజక్కో నారాయణ సారో, ఎవరైతేనేం, తియ్యలేదు. లోపలి నుంచి మందుల వాసన వచ్చింది. జనం లోపలికి పోతున్నారు. సిద్దమ్మత్త తలుపు రెక్కను వీపుతో నెట్టి పట్టుకుని నిలబడింది. ఆమె లోపలికి పోతుందని చూశాను. పోలేదు. నేను ముందు పోయేదాకా అట్లాగే నిలబడింది.